ఫైబర్ బోటుకు పాలిష్, వ్యాక్సు పట్టించడం: మనిషిని మాట్లాడుకోవడం నుంచి చివరి వాయిదా దాకా

బోటు అణియం (ముందు కొస) పక్కన, ఎండ బాగా తగిలే చోట అరచేయి ఆనించి జానెడు మేర నిమరండి. చేతికి ముగ్గుపిండిలాంటి తెల్లటి పొడి అంటితే బోటుకు పాలిష్ అవసరం వచ్చినట్టే. ఎండకు, ఉప్పుగాలికి పైపూత చచ్చి పొడిగా మారింది. ఆ పొడి కింద మంచి పూత ఇంకా ఉంది. దాన్ని బయటికి తెచ్చి, మీద మైనం, అంటే వ్యాక్సు, పట్టించి కాపాడుకోవడమే మనం డబ్బిచ్చి చేయించుకునే పని.

ఒడిశాలో రంభ దగ్గర చిలికా సరస్సు ఒడ్డున నాకు 24 అడుగుల ఫైబర్ బోటు ఉంది. శీతాకాలంలో పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళను తిప్పుతాను. ఈ పని చాలాసార్లు చేయించాను, ఒకసారి బాగా నష్టపోయాను కూడా. గోపాల్‌పూర్, ఆర్జిపల్లి, సోనాపూర్ వైపు మన తెలుగువాళ్ళు ఫైబర్ బోట్లు కొంటున్నారు. పాలిష్ సంగతి వచ్చేసరికి మాత్రం "మెరిసేలా చేసెయ్" అని ఒక్క మాట చెప్పి మనిషికి అప్పజెప్పేస్తున్నారు. నేనూ అలాగే చెప్పి చెడగొట్టుకున్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదట ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. పాలిష్ అంటే పూయడం కాదు, అరగదీయడం. ఫైబర్ బోటు మీద రంగులా కనబడేది జెల్ కోటు. అచ్చులో అన్నిటికంటే ముందు పోసే పొర అది. మందం సుమారు అర మిల్లీమీటరు. పాలిష్ పట్టించిన ప్రతిసారీ అందులో కొంత పోతుంది. పోయింది మళ్ళీ రాదు. బోట్లు పోసే పెద్దాయన ఒకరు నాతో అన్నారు: "ఇది గోరు కాదు బాబూ, కత్తిరిస్తే మళ్ళీ పెరగడానికి." కాబట్టి పనివాడిని అడగాల్సింది ఎంత మెరిపిస్తావని కాదు. ఎంత తక్కువ తీసి మెరిపించగలవని అడగాలి. బేరం, ఒప్పందం, పరీక్ష అన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

బోటు మీద ఉన్నది జెల్ కోటా, పెయింటా?

చేపల వేటకు పోయే బోట్లలో చాలావాటికి జెల్ కోటు మీద ఎనామిల్ పెయింటు వేసి ఉంటుంది. పాత బోటు కొన్నవాళ్ళకు ఈ సంగతి తెలియకపోవచ్చు. కనబడని మూల చూసుకుని, తెల్లటి గుడ్డ మీద నాలుగు చుక్కలు ఎసిటోన్ వేసి పది సెకన్లు రుద్దండి. రంగు మెత్తబడి జిగురుగా గుడ్డకు వస్తే అది ఎనామిల్. దానికి కాంపౌండు (పూతను అరగదీసే గట్టి మందు) పట్టిస్తే డబ్బు దండగ. మళ్ళీ పెయింటు వేయించుకోవడమే దారి. రంగు కదలకుండా పొడి మాత్రమే వస్తే జెల్ కోటని అనుకోవచ్చు. ఎసిటోన్ దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు.

ఎంత పాడైందో మనమే చూసుకోవడం

పనివాడు రాకముందే బోటును మంచినీళ్ళతో, మెత్తటి సబ్బుతో కడిగి ఆరనివ్వండి. మురికి మీద ఎవరూ సరైన అంచనా చెప్పలేరు. తడిగా ఉన్నప్పుడు పాడైన పూత కూడా కొత్తగానే కనిపిస్తుంది, ఆ మెరుపును నమ్మకండి.

ఆరాక మూడు రకాలుగా విడదీసి చూడండి. పొడి అంటుతోంది గానీ మీ ప్రతిబింబం ఇంకా మసకగా కనిపిస్తోందంటే ఇది తేలిక పని. పాలిష్, వ్యాక్సు చాలు. పొడి దట్టంగా వస్తోంది, ప్రతిబింబం అసలు లేదంటే కాంపౌండు కావాలి. పూత గరుకుదేలి, గీతలు గోటికి తగులుతున్నాయంటే ముందు నీళ్ళ ఉప్పుకాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టించాలి. అణియం మీద, పైఅంచు మీద మూడో రకం, నీటికి దగ్గరగా ఉన్న పక్కల మీద మొదటి రకం ఉండడం మామూలే. బోటంతటికీ ఒకే మందు రాసేవాడికి పని అప్పగించకండి.

నీటిగీత దగ్గర గోధుమరంగు చార వేరే జాతి. చిలికాలో వానాకాలం నీళ్ళు దిగినప్పుడు ఇది ముదురుతుంది. అది పూత చావడం కాదు, మరక పట్టడం. దాన్ని కాంపౌండుతో అరగదీయించడం అన్యాయం. ఆగ్జాలిక్ యాసిడ్ కలిసిన మరకల మందు రాసి, పది నిమిషాలు ఆగి కడిగితే చాలావరకు పోతుంది. ఇనుప బోల్టుల కింద కారిన తుప్పు చారలకు కూడా ఇదే మందు. చేతికి రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. అల్యూమినియం భాగాల మీద, ఇంజను మీద పడనివ్వకూడదు. ఈ పని ముందే అయిపోతే కాంపౌండు పట్టించాల్సిన చోటు తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

జెల్ కోటులో సన్నటి చీలికలు, బొబ్బలు, లోపలి పీచు బయటపడ్డ చోట్లు ఉంటే ఒక్కొక్కదాన్నీ ఫోను కెమెరాలో తీసుకోండి. అవి ముందు మరమ్మతు కావాలి, తర్వాతే పాలిష్. పైగా పని అయ్యాక "ఇది ముందే ఉంది", "కాదు, నువ్వే చేశావు" అనే గొడవ రాకుండా ఆ ఫొటోలు కాపాడతాయి.

ఎప్పుడు పెట్టుకోవాలి

మా వైపు వానలు తగ్గేసరికి అక్టోబరు ఆఖరవుతుంది. తుపానులు కూడా అప్పుడే. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు దాటింది. ఆ రోజుల్లో బోటుకు పాలిష్ కాదు, తాడు ముఖ్యం.

నేను అక్టోబరు ఆఖర్లో, తుపాను హెచ్చరిక ఏదీ లేకుండా చూసుకుని పెట్టుకుంటాను. కారణం కార్తీక పున్నమి. ఆ రోజు ఒడిశా అంతా బొయిత బందాణ, అంటే పడవల పండగ. తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదులుతారు. మనవాళ్ళు బోటుకు పసుపు రాసి, సింధూరం పెట్టి, బంతిపూల దండ వేస్తారు. మైనం లేని, పొడిబారిన జెల్ కోటుకు ఆ పసుపు అంటితే లోపలికి ఇంకిపోతుంది. మైనం పట్టిన బోటుకైతే మర్నాడు తడిగుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. మిగిలిన పచ్చదనం నాలుగు రోజుల ఎండకు వెలిసిపోతుంది. సింధూరం అలా పోదు. అందుకే దాన్ని బోటు ఒంటికి కాకుండా అణియం మీది చెక్కకు పెట్టమని మా ఇంట్లో చెప్పాను.

ఏప్రిల్, మే ఎండల్లో ఈ పని వద్దు. ఆరుబయట అరచేయి ఆనించలేనంత వేడిగా ఉన్న పూత మీద కాంపౌండు చిటికెలో ఎండిపోయి గీతలు పెడుతుంది. వ్యాక్సు తుడవడానికి రాకుండా అంటుకుపోతుంది.

ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, పోడంపేట, గోఖర్‌కుడా ఇసుకలో బోటు లాగి పని చేయించేవాళ్ళకు ఒక విన్నపం. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే రోజుల్లో, పిల్లలు బయటికొచ్చే రోజుల్లో రాత్రిపూట ఫ్లడ్‌లైట్లు వేసి పాలిష్ పట్టించకండి. తాబేలు పిల్లలు వెలుగును చూసి సముద్రం అటే ఉందనుకుని నడుస్తాయి. పగటిపూట చేయించుకోండి, లేదా ఊరిలోకి తెచ్చుకోండి.

ఎవరిని పిలవాలి

ఈ పనికి రెండు రకాల మనుషులు దొరుకుతారు. బరంపురంలో కార్లకు, బస్సులకు పాలిష్ పట్టేవాళ్ళు ఒక రకం. ఫైబర్ బోట్లు పోసి మరమ్మతు చేసేవాళ్ళు ఇంకొక రకం.

కారు పనివాడి చేతిలో మిషను నైపుణ్యం బాగుంటుంది. కానీ కారు మీది పారదర్శక పూత జెల్ కోటులో దాదాపు పదోవంతు మందమే ఉంటుంది, దాని గుణమూ వేరు. అతను కారుకు వాడే సన్న కాంపౌండు చచ్చిన జెల్ కోటును కదిలించలేదు. కదలడం లేదని మిషను గట్టిగా అదిమితే అంచు కాలిపోతుంది. బోట్లు పోసేవాడికి పూత ఎక్కడ పల్చగా ఉంటుందో చేతికి తెలుసు, ఎందుకంటే దాన్ని పోసింది అతనే. అయితే చివరి మెరుపు దగ్గర ఓపిక తక్కువ. ఇద్దరిలో ఒకరినే ఎంచుకోవాల్సి వస్తే నేను బోట్లు పోసేవాడినే పిలుస్తాను. మెరుపు కాస్త తగ్గినా ఫరవాలేదు, పూత మిగలాలి.

ఎవరైనా సరే, మాట్లాడేటప్పుడు ఇవి అడగండి. ఏ మిషను వాడతావు? వేగం తగ్గించి పెంచే బఫింగ్ మిషను అని చెప్పాలి. ఏడంగుళాల మిషను నిమిషానికి 600 నుంచి 3000 చుట్ల దాకా తిరుగుతుంది. కాంపౌండు పని సుమారు 1200 నుంచి 1800 మధ్య జరగాలి. ఇనుము కోసే నాలుగంగుళాల గ్రైండరుకు ఉన్ని ప్యాడ్ తగిలించి తెచ్చేవాళ్ళున్నారు. అది నిమిషానికి 11000 చుట్ల వరకు తిరుగుతుంది. ఆ మిషను సంచిలోంచి బయటికి రాగానే టీ తాగించి పంపించేయండి.

పదునైన అంచుల దగ్గర ఏం చేస్తావు? టేపు అంటించి, అక్కడ చేత్తోనే రుద్దుతానని చెప్పినవాడు పని తెలిసినవాడు. ఏ వ్యాక్సు వాడతావు, డబ్బా చూపిస్తావా? సిలికాన్ ఉన్న కారు డ్యాష్‌బోర్డు పాలిష్ రాసి మెరిపించే పద్ధతి ఉంది. వారం బాగుంటుంది. తర్వాత ఎప్పుడైనా అక్కడ జెల్ కోటు మరమ్మతు చేయాలంటే పూత పట్టక గుంటలు గుంటలుగా విడిపోతుంది.

రంభ, బర్కుల్ వైపు పనివాళ్ళు ఎక్కువగా ఒడియా వాళ్ళు. డొంగా అంటే బోటు, మొహొమొ అంటే మైనం. ఈ రెండు మాటలూ, బోటు మీద వేలు పెట్టి చూపించడమూ ఉంటే పని జరుగుతుంది. డబ్బు లెక్క దగ్గర మాత్రం రెండు భాషలూ వచ్చినవాళ్ళను పక్కన ఉంచుకోండి.

బేరం: అడుగుకా, చదరపు అడుగుకా, రోజుకా?

బోటు పొడవును బట్టి అడుగుకు ఇంత అనడం వాడుక. అది పనివాడికి సులువు, మనకు తిరకాసు. లోపలి గోడలు అందులో ఉన్నాయా, పైకప్పు ఉందా అన్నది తర్వాత గొడవవుతుంది. చదరపు అడుగుల్లో లెక్క వేసుకోండి.

నా బోటు 24 అడుగులు. పక్క ఎత్తు సగటున రెండున్నర అడుగులు. ఒక పక్క 60, రెండు పక్కలూ 120 చదరపు అడుగులు. అమరం (వెనుక కొస) వైపు గోడ 5 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు, అది 10. బయటి పని మొత్తం 130 చదరపు అడుగులు. లోపలిది విడిగా కొలిచి విడిగా ధర మాట్లాడాలి. ఈ లెక్క కాగితం మీద చూపిస్తే మూడు చోట్ల అడిగిన ధరలను పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

కాలం లెక్క కూడా చూడండి. రెండడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు ముక్కకు కాంపౌండు సరిగా పట్టించడానికి ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు పడుతుంది. 130 చదరపు అడుగులంటే అలాంటి ముక్కలు ముప్పైకి పైన. ఒక్క విడతకే సుమారు మూడు నాలుగు గంటలు. పాడైన చోట రెండో విడత, తర్వాత సన్న పాలిష్, తర్వాత రెండు పూతల వ్యాక్సు. ఇద్దరు మనుషులకు రెండు రోజుల పని. పొద్దున వచ్చి మధ్యాహ్నానికి ముగిస్తానంటే ఏదో ఒకటి ఎగ్గొడుతున్నాడని అర్థం.

రోజు కూలి మీద ఇస్తే నెమ్మదిగా చేస్తారని చాలామంది గుత్తకు ఇస్తారు. ఈ పనిలో నెమ్మదే మనకు కావాలి. అందుకే పని మొత్తం గుత్తకు ఇవ్వకుండా చదరపు అడుగుల లెక్కన ధర మాట్లాడి, కాంపౌండు, ప్యాడ్‌లు, వ్యాక్సు నేనే కొనిస్తాను. సరుకు వాళ్ళదైతే మాసిన ప్యాడ్ మార్చకుండా నెట్టుకొస్తారు.

ఒక పేజీ ఒప్పందం

పెద్ద పత్రం అక్కర్లేదు. నోటుబుక్కులో ఒక పేజీ చాలు. ఏయే భాగాలు, ఎన్ని చదరపు అడుగులు. ఏ చోట ఉప్పుకాగితం పట్టాలి, ఏ చోట పట్టకూడదు. ఉప్పుకాగితం పట్టే చోట 800 నంబరు కంటే గరుకుది వాడకూడదు. 800, 1000, 1500 వరుసలో (నంబరు పెరిగేకొద్దీ కాగితం సన్నం) నీళ్ళతో మాత్రమే. బోటు ఒడ్డుకు లాగే మనుషుల కూలి ఎవరిది, కరెంటు ఎవరిది. అంచు కాలితే మరమ్మతు ఖర్చు ఎవరిది. ఈ చివరి వాక్యం రాయడానికి ఒప్పుకోని మనిషిని నేను పెట్టుకోను.

వాయిదాలు మూడు. బోటు కడిగి, నమూనా ముక్క చూపించాక మొదటిది. కాంపౌండు, పాలిష్ అయ్యాక, వ్యాక్సు పెట్టకముందు రెండోది. అన్నీ అయిన వారం తర్వాత మూడోది. ఫోన్‌పే చేస్తే రాతలో ఉంటుంది. చేతికిస్తే సంతకం తీసుకోండి. పని వాళ్ళ రోజు గడవాలి కాబట్టి చివరి వాయిదా పావు వంతుకు మించి ఆపకండి. వారమన్నాక ఎనిమిదో రోజు వాళ్ళ చేత అడిగించుకోకుండా ఇచ్చేయండి.

నమూనా ముక్క

మొత్తం పనిలో నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. బోటు మీద అన్నిటికంటే పాడైన చోట రెండడుగుల చదరానికి టేపు అంటించి, ముందు సన్న పాలిష్‌తో మొదలుపెట్టమంటాను. మెరుపు రాకపోతే కాంపౌండు. అదీ చాలకపోతేనే ఉప్పుకాగితం. అంటే తేలిక మందు నుంచి పైకి వెళ్ళాలి. మొదటే గట్టి మందు పట్టుకుంటే అవసరం లేని చోట కూడా పూత పోతుంది.

ముక్క అయ్యాక దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి. చాలా కాంపౌండుల్లో నూనె ఉంటుంది. ఆ నూనె గీతల్లో నిండి మెరుపులా కనిపిస్తుంది. తుడిచాక మిగిలిందే అసలు మెరుపు. ఇప్పుడు కొలత టేపును బోటు గోడకు నిటారుగా, మొన ఆనించి పట్టుకోండి. గోడలో టేపు ప్రతిబింబం కనిపిస్తుంది. అందులో ఎన్ని అంగుళాల దాకా అంకెలు చదవగలుగుతున్నారో చూడండి. పాడైన చోట ఒకటో రెండో కనిపిస్తాయి. నా పాత బోటుకు నమూనా ముక్కలో ఆరు కనిపించాయి. పన్నెండు కనిపించేదాకా రుద్దుతానన్నాడు పనివాడు. వద్దన్నాను. ఆరు అంగుళాలనే పేజీలో రాసి ఇద్దరం సంతకం పెట్టాం. మెరుపంటే ఎంతన్నది మాటల్లో తేలదు, అంగుళాల్లో తేలుతుంది.

పని జరిగే రెండు రోజులు

బోటును నీటి ఒడ్డున పెట్టి చేయించకండి. చిలికా 1981 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద కాపాడాల్సినదిగా గుర్తించిన చోటు. అందులో ఇరావదీ డాల్ఫిన్లు బతుకుతున్నాయి. కాంపౌండు బురద, ఫైబర్ పొడి, యాసిడ్ నీళ్ళు ఆ నీటిలోకి పోకూడదు. ఒడ్డుకు దూరంగా గట్టి నేల మీద పాత టైర్లపై నిలిపి, కింద టార్పాలిన్ పరిచి, రాలిన దాన్ని ఎత్తి పారేయించండి.

వీలైతే బోటును ఉత్తర దక్షిణాలుగా నిలపండి. పొద్దున పడమటి పక్క నీడలో ఉంటుంది, మధ్యాహ్నం దాటాక తూర్పు పక్క. బోటు తన నీడ తానే ఇస్తుంది. మంచు పడ్డ పొద్దుల్లో తడి పూర్తిగా ఆరాకే మొదలుపెట్టనివ్వండి. నీళ్ళ ఉప్పుకాగితం పని, కరెంటు మిషను పని ఒకేసారి పక్కపక్కన జరగకూడదు. మధ్యలో తీగ అతుకులు నేల మీద ఉండకూడదు, కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు ఉన్న బోర్డు నుంచే లైను తీయించండి. ముక్కుకు మాస్కు లేకుండా ఎవరినీ రుద్దనివ్వకండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

రిజిస్ట్రేషన్ నంబరు మీద, రబ్బరు అంచుల మీద, మీటల చుట్టూ, పదునైన మూలలన్నిటి మీద టేపు పడిందో లేదో మీరే చుట్టూ తిరిగి చూడండి. తర్వాత మిషను శబ్దం వినండి. సరైన ఒత్తిడిలో అది ఒకే శ్రుతిలో ఉంటుంది. అదిమితే గొంతు పూడుకున్నట్టు తగ్గుతుంది. ప్యాడ్ కదులుతూ ఉండాలి. ఒకే చోట నిలిచిందంటే పూత వేడెక్కుతోంది. ఘాటైన ప్లాస్టిక్ వాసన వస్తే వెంటనే ఆపమనండి.

నా బోటు అణియం దగ్గర జరిగింది ఇదే. మెరుపు చూసి మురిసిపోయి నేను టీ తేవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అంచు మీద అరచేయంత పొడవున పూత పోయి, పసుపు గోధుమ కలిసిన ఫైబర్ పీచు అల్లిక బయటపడింది. మునివేళ్ళతో తడిమితే గోనెసంచిలా తగిలింది. మరమ్మతు చేయించాను, కానీ ఆ తెలుపు, పాత తెలుపు ఇప్పటికీ కలవలేదు. అప్పటినుంచి అంచుల పని నడిచేటప్పుడు అక్కడినుంచి కదలను.

కాంపౌండుకు ఉన్ని ప్యాడ్, పాలిష్‌కు స్పంజి ప్యాడ్. ఒక మందుకు వాడిన ప్యాడ్ ఇంకో మందుకు వాడకూడదు. మూడు నాలుగు ముక్కలకొకసారి ప్యాడ్‌లో గడ్డకట్టిన మందును బ్రష్‌తో దులపాలి. కింద పడ్డ ప్యాడ్‌ను కడగకుండా మళ్ళీ ఎక్కించనివ్వకండి. దానికి అంటిన ఒక్క ఇసుక రేణువు పక్కంతా సున్నాలు చుడుతుంది.

వ్యాక్సుకు ముందు ఆపి చూడడం

రెండో వాయిదా ఇక్కడే కాబట్టి తొందరపడకండి. బోటు మొత్తం ఆల్కహాలుతో తుడిపించండి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు, లేకపోతే ఫోను టార్చి పక్కనుంచి వేసి చూడండి. సాలెగూడులా చుట్టు గీతలు కనబడితే సన్న పాలిష్ ఇంకో విడత కావాలి. ఉప్పుకాగితం గీతలు తిన్నగా కనబడితే మధ్యలో ఒక నంబరు దాటేశారన్నమాట. పేజీలో రాసిన అంగుళాలు నాలుగు చోట్ల కొలవండి. వ్యాక్సు పడితే ఈ లోపాలన్నీ నెల రోజులు దాక్కుంటాయి.

వ్యాక్సు

కార్నాబా మైనం బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. 82 నుంచి 86 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి మన ఎండకు కారిపోదు. లోతైన మెరుపునిస్తుంది. రసాయనాలతో చేసిన పాలిమర్ సీలెంటు మెరుపులో కొంచెం తక్కువ, నిలకడలో ఎక్కువ. రోజూ నీళ్ళలో ఉండే బోటుకు నేను సీలెంటే పట్టిస్తాను. పెళ్ళికో పండగకో మెరవాలంటే దాని మీద కార్నాబా ఒక పూత.

పల్చగా రాయడంలోనే పనితనం. మందంగా పూస్తే ఎక్కువ కాలం ఉంటుందనుకోవద్దు, తుడవలేక చారలు మిగులుతాయి. రాసి, మసకబారాక మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. డబ్బా మీద రాసిన వ్యవధి ఆగి రెండో పూత. సాయంత్రం మంచు దిగకముందే ముగించాలి.

జనం నడిచే గరుకు నేల మీద, ఎక్కే మెట్టు మీద వ్యాక్సు పడకూడదు. తడికాలితో ఎక్కిన ముసలమ్మ జారిపడితే ఆ బాధ్యత బోటు యజమానిది. నీటిగీత కింద నాచు పట్టని రంగు వేసి ఉంటే దాని మీద కూడా పాలిష్, వ్యాక్సు వద్దు, ఆ రంగు పని చేయడం మానేస్తుంది.

చివరి వాయిదాకు ముందు వారం

నీళ్ళు చల్లితే పూసల్లా నిలిచి జారిపోతాయి. చాలామంది ఇది చూసి డబ్బంతా ఇచ్చేస్తారు. అది వ్యాక్సు ఉందన్నదానికి గుర్తు, పాలిష్ బాగా జరిగిందన్నదానికి కాదు. వారం తిప్పి, సబ్బుతో ఒకసారి కడిగి, పక్కలు రెండూ, అమరం గోడా మళ్ళీ చూడండి. ఎక్కడైనా నీరు పూసకట్టక చాపలా పరుచుకుంటే అక్కడ వ్యాక్సు తప్పింది, వచ్చి పట్టమనండి.

తర్వాత కడగడానికి గిన్నెలు తోమే సబ్బు, బట్టల సోడా వాడకండి, మైనాన్ని ఊడ్చేస్తాయి. ప్రతి తిప్పు తర్వాత మంచినీళ్ళు కొట్టండి. టార్పాలిన్ కప్పితే గాలికి కొట్టుకుని పూతను రుద్దేస్తుంది, కర్రలు కట్టి ఎత్తి కప్పండి. సరుగుడు తోపులో నీడ చల్లగానే ఉంటుంది గానీ, రాలిన సరుగుడు ఆకు తడిసి గోధుమ మరకలు పెడుతుంది. కొబ్బరాకుల పాక మేలు. దాని కింద ఉన్న బోటుకు నేను ఫిబ్రవరిలో ఇంకో పూత వ్యాక్సు చేత్తోనే పట్టిస్తాను. దానికి మిషను అక్కర్లేదు, అరపూట కూలి చాలు. ఆ పూత పడితే వచ్చే ఏడు కాంపౌండు అవసరం రాకుండానే గడుస్తుంది.

ఒప్పందం రాసిన ఆ నోటుబుక్కు పారేయకండి. ఏ తేదీన, ఏ పక్కన, ఏ నంబరు కాగితం, ఎన్ని విడతల కాంపౌండు పడిందో అందులోనే రాస్తూ పోతాను. అణియం ఎడమ పక్కకు ఇప్పటికి మూడుసార్లు కాంపౌండు పడింది, ఉప్పుకాగితం ఒకసారి. ఈ అక్టోబరులో వచ్చే మనిషికి ముందు ఆ పేజీ చూపించి, ఆ పక్క చేత్తో పాలిష్ ఒక్కటే అని చెప్పాకే మిషను ప్లగ్గులో పెట్టనిస్తాను.